వహీదా రెహ్మాన్‌ను తెలుగువాళ్లం ఒక్క పాటకే కట్టిపడేశామా?

కృష్ణాతీరం:
2023 సెప్టెంబరు 26న వహీదా రెహ్మాన్ గారికి 2021వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించినప్పుడు నేను చదివిన తెలుగు వార్తలన్నీ ‘ఏరువాక సాగారో’ పాటతోనే మొదలై, ఇంచుమించు అక్కడే ముగిశాయి. మొదలుపెట్టడంలో తప్పులేదు. 1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో వచ్చిన ‘రోజులు మారాయి’లో, కొసరాజు రాసి, మాస్టర్ వేణు బాణీ కట్టి, జిక్కి పాడిన ఆ పాటకు నర్తించినప్పుడు ఆవిడకు నిండా పద్దెనిమిదేళ్లు కూడా లేవు. మా నాయనమ్మకు చివరి రోజుల్లో మనవల పేర్లు సైతం తడబడేవి గాని, టూరింగ్ టాకీసులో ఆ పాట మళ్లీ వేస్తేనే గాని లేవమని జనం పట్టుబట్టిన రాత్రిని మాత్రం నిన్న మొన్న జరిగినట్లు చెప్పేది. అయితే ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా నటించిన మనిషిని మనం ఇంకా ఆ ఒక్క పాటలోనే ఎందుకు నిలబెట్టి చూస్తున్నాం? నర్తకిగా వచ్చిన ఆమె ఎలాంటి నటి అయ్యారన్నది ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పాతరీలు:
మంచి ప్రశ్న. కాని ఆ పాటను అంత తొందరగా దాటిపోకండి, ఎందుకంటే ఆమె బొంబాయి ప్రయాణానికి దారి వేసినది అదే. హిందీ దర్శకుడు, నిర్మాత గురుదత్ ‘మిస్సమ్మ’ను హిందీలో తీయవచ్చునా అని చూడటానికి తన రచయిత అబ్రార్ అల్వీతో కలిసి కారులో హైదరాబాదు వస్తున్నప్పుడు, దారిలో కారు ఒక గేదెను గుద్దుకోవడంతో, అది బాగయ్యేదాకా వాళ్లు ఊళ్లోనే ఉండవలసి వచ్చింది. ఒక పంపిణీదారు కార్యాలయంలో కూర్చుని ఉండగా వీధిలో కోలాహలం వినిపించింది. ‘రోజులు మారాయి’ విజయోత్సవానికి వచ్చిన నటీనటుల కారును జనం చుట్టుముట్టారని, వాళ్లు ఎగబడుతున్నది ఒక పాటలో నాట్యం చేసిన అమ్మాయిని చూడటానికని తెలిసింది. పేరు విని, ఉర్దూ మాట్లాడుతుందా అని గురుదత్ ఆరా తీశారట. అంటే ఆయన మొదట చూసింది పాటను కాదు, ఆ పాటకు ఊగిపోతున్న జనాన్ని. ‘మిస్సమ్మ’ను ఆయన తీయలేదు గాని, ఆ గేదె పుణ్యమా అని 1956లో ‘సి.ఐ.డి.’కి, 1957లో ‘ప్యాసా’కు ఒక నటి దొరికింది.

ఆ బాణీకి కూడా ఒక ప్రయాణం ఉంది. 1956లో ‘కాలం మారిపోచ్చు’ పేరుతో తమిళంలో తీసినప్పుడు అదే బాణీకి ఆమే నర్తించారు. 1960లో ‘బంబయీ కా బాబూ’లో ఎస్.డి. బర్మన్ ఆ వరుసనే హిందీ పాటగా మలిచారు. ఆ చిత్రానికీ, ‘సి.ఐ.డి.’కీ దర్శకుడు రాజ్ ఖోస్లా. ఆయనకూ వహీదా గారికీ ‘సి.ఐ.డి.’ నాడు జరిగిన వాదన సంగతి ఎవరైనా రాస్తారని ఆశిస్తున్నాను.

చార్మినార్ చాయ్:
మా హైదరాబాదు ఆడపడుచు కాబట్టే ఉర్దూ అంత చక్కగా వచ్చింది!

విశాఖవాసి:
చార్మినార్ చాయ్ గారూ, క్షమించాలి, ఆమె హైదరాబాదులో పుట్టలేదు. 1938 ఫిబ్రవరి 3న మద్రాసు దగ్గరి చెంగల్పట్టులో పుట్టారు. ఇంటి భాష ఉర్దూ కావడానికి హైదరాబాదు అక్కర్లేదు, అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉండేవి. తండ్రి ప్రభుత్వోద్యోగి కావడంతో బదిలీల మీద ఊళ్లు మారుతూ ఉండేవారు, వాటిలో మా విశాఖపట్నం ఒకటి. రాజాజీ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో విశాఖకు వచ్చినప్పుడు ఏర్పాటు చేసిన సాంస్కృతిక కార్యక్రమంలో వహీదా, ఆమె అక్క సయీదా కలిసి నాట్యం చేశారు. ఒక ముస్లిం అధికారి కుమార్తెలు భరతనాట్యం చేయడం అప్పట్లో విడ్డూరమే. బంధువుల్లో కొందరికి అది నచ్చకపోయినా తండ్రి మాత్రం పిల్లల పక్షాన నిలబడ్డారు.

ఆమె గురువుల్లో తిరుచెందూరు మీనాక్షిసుందరం పిళ్లై గారు ఒకరు. పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై గారు వేరు, పేర్లు కలవడం వల్ల చాలామంది పొరబడుతుంటారు. ముస్లిం పిల్లకు నేర్పడానికి ఆయన మొదట వెనుకాడి, చివరికి జాతకం తెమ్మన్నారట. వాళ్లింట్లో జాతకాలు ఎక్కడివి? పుట్టిన తేదీ, వేళ చెబితే ఆయనే చక్రం వేసుకుని చూసి, తన చివరి శిష్యురాలు, ఉత్తమ శిష్యురాలు ఈ పిల్లే అవుతుందని తేల్చుకున్నాక పాఠం మొదలుపెట్టారని ఆమె స్వయంగా చెప్పుకున్నారు. డాక్టరు చదవాలన్నది ఆమె చిన్ననాటి కోరిక. తండ్రి పోయి, తల్లి ఆరోగ్యం దెబ్బతిన్న స్థితిలో, కుటుంబ స్నేహితుడైన నిర్మాత సి.వి. రామకృష్ణ ప్రసాద్ గారు అడిగితే ఒప్పుకున్న పాట ‘ఏరువాక’. సరదాకు వేసిన అడుగు కాదది, ఇల్లు గడవడానికి వేసిన అడుగు.

గజ్జెలమూట:
నేను పదకొండేళ్లు భరతనాట్యం నేర్చుకుని ఉద్యోగంలో పడి మానేసినదాన్ని, కాబట్టి సాధన చేసినవాళ్ల కళ్లతో రెండు మాటలు చెప్పగలను. ‘ఏరువాక’ను శాస్త్రీయ నృత్యం అనుకుని చూస్తే అందులో పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. అది జానపదపు ఊపు. కొసరాజు గారు రైతు చేతికి నవధాన్యాలు, చద్దిమూట, ముల్లుగర్ర వరసగా అందించుకుంటూ పోయారు, పాట అంతా పనిపాటల వర్ణనే గనుక నర్తకికి కావలసింది కష్టమైన అడుగుల కూర్పులు కాదు, మాట వెంట ఒంటిని తేలిగ్గా మార్చుకునే చురుకు. ఆ చురుకు ఆమెకు ఉంది.

అసలు శిక్షణ ఎక్కడ కనిపిస్తుందంటే, ఆమె నాట్యం చేయని చోట. ఎవరూ నవ్వకండి, వివరిస్తాను. తీర్మానం, అంటే నృత్యభాగాన్ని ముగించే అడుగుల వరస, పూర్తిచేసి సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఆగినప్పుడు ఒళ్లు పూర్తిగా ఆగిపోవాలి, రొప్పు బయటపడకూడదు, భుజం తూలకూడదు, చూపు మాత్రం ప్రాణంతో ఉండాలి. నేర్చుకునే రోజుల్లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఆ ఆగడమే. ‘ప్యాసా’లో రాత్రివేళ కవి వెనుక నడుస్తుండగా, ఆమె వేసిన గులాబో ముందు నడుస్తూ, స్తంభాల మధ్య ఆగుతూ, వెనుదిరిగి చూస్తూ అతణ్ని లాక్కుపోయే పాట ఉంది. గీతా దత్ గొంతు. ఆ పాట మొత్తంలో నాట్యం అనదగ్గ అడుగు ఒక్కటీ లేదు, ఉన్నది నడక, ఆగడం, మెడ తిప్పడం మాత్రమే. అయినా తాళం ఎక్కడా జారదు. ఆగిన ప్రతిసారీ ఆమె సరిగ్గా చరణానికి కావలసిన చోటే ఆగుతారు. నడక నేర్పితే వచ్చేది కాదు, ఏళ్ల తరబడి అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచిన సగం కూర్చున్న భంగిమలో, నిలిచి కాళ్లు నొప్పిపుట్టించుకుంటే వచ్చేది.

రసజ్ఞుడు:
గజ్జెలమూట గారి పరిశీలన బాగుంది గాని, కొంచెం అతిగా పోతున్నామేమో. నాట్యం సంగతే తీసుకుంటే కుమారి కమల, వైజయంతిమాల, పద్మిని వంటివారి పక్కన వహీదా గారిని నిలబెట్టలేం. వైజయంతిమాల 1950లో ‘జీవితం’తో తెలుగులోకి, మరుసటి ఏడాది ‘బహార్’తో హిందీలోకి వచ్చి, దక్షిణాది నాట్యానికి బొంబాయి తలుపులు తెరిచారు. ఆమె చిత్రాల్లో నాట్యం ఒక ప్రధాన ఆకర్షణ, నిర్మాతలు దాని కోసమే పాటలు రాయించుకున్నారు. వహీదా గారికి ఆ స్థాయి వ్యాకరణశుద్ధి లేదు. అభిమానం కొద్దీ ఆమెను మహానర్తకిగా చూపించే ప్రయత్నం చేస్తే నటిగా ఆమెకు రావలసిన ఘనతకే లోటు.

గజ్జెలమూట:
రసజ్ఞుడు గారూ, నేను ఆమెను కమలతో పోల్చలేదు, పోల్చను కూడా. వైజయంతిమాలకు దర్శకులు నాట్యసన్నివేశాలు ఇచ్చారు, వహీదాకు ముఖాన్ని దగ్గరగా చూపే షాట్లు ఇచ్చారు. శిక్షణ ఒకే తీరుది, వాడుక వేరు. 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’ చూడండి. మన దేశంలో తీసిన మొదటి సినిమాస్కోప్ చిత్రం అది. ఖాళీ స్టూడియోలో పైనుంచి వాలిన వెలుగు కడ్డీ మధ్య ఆమె నిలబడి ఉండగా ఒక పాట నడుస్తుంది. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి అద్దాలతో ఎండను లోపలికి మళ్లించి ఆ వెలుగును సాధించారు. ఆ పాటలో ఆమె చేసేది దాదాపు ఏమీ లేదు. కాని నిలబడటం కూడా రానివాళ్లను అంత పెద్ద తెర మీద, అంత వెలుగులో పెడితే బొమ్మలా తేలిపోతారు.

పాతరీలు:
‘కాగజ్ కే ఫూల్’ విడుదలైనప్పుడు ఆడలేదన్న సంగతి కూడా కలపాలి. ఇప్పుడు అందరూ తలకెత్తుకుంటున్న ఆ వెలుగు కడ్డీని చూడటానికి అప్పట్లో జనం రాలేదు. మరుసటి ఏడాది వచ్చిన ‘చౌద్‌వీ కా చాంద్’ గురుదత్ సంస్థను నిలబెట్టింది. 1962లో వచ్చిన ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ తరువాత గురుదత్‌తో ఆమె కలిసి పనిచేయలేదు. 1964 అక్టోబరులో ఆయన మరణించారు. వాళ్ల వ్యక్తిగత విషయాల మీద పుట్టిన కథలను ఈ చర్చలోకి తేవద్దని మనవి, ఆమె వాటి గురించి మాట్లాడటానికి ఎప్పుడూ ఇష్టపడలేదు, మనకూ ఆ మర్యాద తగినదే.

మధ్యాహ్నపు ఆట:
పాతరీలు గారు అడిగిన ‘సి.ఐ.డి.’ సంగతి నేను రాస్తాను. ‘వహీదా రెహ్మాన్’ అన్న పేరు పొడుగ్గా ఉందని, ఆకర్షణీయంగా లేదని, మార్చుకోవాలని రాజ్ ఖోస్లా అన్నారు. అప్పటికి యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌గా, ముంతాజ్ జహాన్ మధుబాలగా మారిపోయారు కాబట్టి ఆయన అడిగింది వింతేమీ కాదు. తల్లిదండ్రులు పెట్టిన పేరును మార్చుకోనని ఆమె ఖండితంగా చెప్పారు. మైనరు కావడంతో ఒప్పందం మీద సంతకం పెట్టవలసింది తల్లి. సంతకానికి ముందు, తనకు నచ్చని దుస్తులు వేసుకోననే షరతు కూడా రాయించాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. కొత్తవాళ్లు ఇలా షరతులు పెట్టడం తమ సంస్థలో జరగలేదని వాళ్లు అన్నా, చివరికి ఒప్పుకోక తప్పలేదు.

ఆ షరతు ‘సి.ఐ.డి.’లోనే పనికొచ్చింది. ప్రతినాయకుడి దృష్టి మళ్లించడానికి ఆమె పాడే పాట ఒకటుంది కదా, దానికి కుట్టించిన లేసు రవిక పల్చగా ఉందని, పైన వేసుకోవడానికి ఓణీ కావాలని ఆమె అడిగారు. ఎదుటివాణ్ని వలలో వేసుకునే పాత్ర అలా కప్పుకుంటే ఎలా అని దర్శకుడు వాదించారు, చిత్రీకరణ ఆగింది, మాట గురుదత్ దాకా వెళ్లింది, ఆమె మాటే నెగ్గింది. ఇప్పుడు ఆ పాటను చూడండి, వలపన్నే పని అంతా కళ్లూ, భుజాలూ, వేళ్లూ చేశాయి. రవిక చేయవలసినది ఏమీ మిగల్లేదు. గజ్జెలమూట గారి వాదానికి ఇదీ ఒక సాక్ష్యమే అనుకుంటాను.

కృష్ణాతీరం:
నేను ఎదురుచూస్తున్న ‘గైడ్’ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆర్.కె. నారాయణ్ నవల ఆధారంగా విజయ్ ఆనంద్ తీసిన ఆ చిత్రంలో వహీదా గారి పాత్ర రోజీ, దేవదాసి కూతురు. సంఘంలో గౌరవం కోసం పురావస్తు పరిశోధకుడైన మార్కోను పెళ్లాడి, గజ్జెలు ముట్టుకోకుండా బతుకుతూ ఉంటుంది. భర్త గుహల్లో పనిమీద వెళ్లిపోయిన రోజున పాములవాళ్ల గూడేనికి తీసుకువెళ్లమని రాజు అనే గైడును అడుగుతుంది. అక్కడ బూరకు ఒక స్త్రీ ఆడుతుంటే రోజీ మొదట ఊరికే చూస్తుంది. తరువాత పాదం కదులుతుంది. ఆ తరువాత ఆమె తనను తాను ఆపుకోలేక మధ్యలోకి దూకి, ఎవరున్నారో ఏమనుకుంటారో అన్న స్పృహ వదిలేసి, ఒళ్లు అలిసిపోయేదాకా ఆడుతుంది. అందులో పాట లేదు, సాహిత్యం లేదు, ముస్తాబు లేదు. ఆ ఆట అందంగా ఉండాలని ఆమె ఎక్కడా తాపత్రయపడలేదు. చాలాకాలం ఊపిరి బిగబట్టుకున్న మనిషి ఒక్కసారిగా గాలి పీల్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. రసజ్ఞుడు గారు అడిగే వ్యాకరణశుద్ధి అక్కడ ఉంటే సన్నివేశం చచ్చిపోయేది.

ఆ తరువాత గజ్జెలు కొనుక్కుని, గడ్డి లారీ మీద పాడుకుంటూ, కోటగోడ మీద నడిచే రోజీని అందరూ గుర్తుపెట్టుకున్నారు. పాముల ఆట లేకపోతే ఆ పాటకు అర్థం లేదు.

రసజ్ఞుడు:
ఇక్కడ నేను తగ్గుతున్నాను. పాముల ఆటను నేను ఎప్పుడూ నాట్యపు కొలతతోనే చూశాను, పాత్ర కోణంలో చూడలేదు. అయినా ‘గైడ్’ రెండవ సగంలో రోజీ పెద్ద నర్తకిగా ఎదిగాక వచ్చే వేదిక నృత్యాల మీద నా అభిప్రాయం మారలేదు, అక్కడ సెట్టింగుల హంగామా ఆమెను మింగేసింది. 1966 నాటి ‘తీస్రీ కసమ్’లో నౌటంకీ (ఉత్తరాది జానపద నాటకం) ఆటగత్తె హీరాబాయిగా ఆమె చేసినవే నాకు ఎక్కువ నచ్చుతాయి. ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ, గీత రచయిత శైలేంద్ర నిర్మాణం. జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం వచ్చింది. డేరాలో బల్లల మీద ఆడే ఆట ఎంత నాసిగా ఉండాలో అంత నాసిగా, ఎంత ఆకర్షణగా ఉండాలో అంత ఆకర్షణగా చేశారు. శిక్షణ ఉన్నవాళ్లకు తక్కువగా చేయడమే కష్టం.

చివరి బెంచీ:
సావిత్రి అభిమానిగా ఒక మాట. బెంగాలీలో సుచిత్రా సేన్ చేసిన ‘దీప్ జ్వేలే జాయ్’ను మనవాళ్లు 1960లో ‘చివరకు మిగిలేది’గా తీస్తే, ఆ నర్సు పాత్ర సావిత్రి గారు వేశారు. దాదాపు దశాబ్దం తరువాత, బెంగాలీ చిత్రాన్ని తీసిన అసిత్ సేన్ దానినే హిందీలో ‘ఖామోషీ’గా తీసినప్పుడు ఆ పాత్ర వహీదా గారిది. వైద్యంలో భాగంగా రోగిని ప్రేమిస్తున్నట్లు నటిస్తూ, నటన ఎక్కడ ఆగి నిజం ఎక్కడ మొదలైందో తెలియక, చివరకు తానే మతి చెడిన మనిషి కథ. సావిత్రి గారు ఆ బాధను మన ముందు పరిచి చూపిస్తారు, కన్నీరు ఆవిడ కంట్లో పుట్టేలోగా మన కంట్లో పుడుతుంది. వహీదా గారు అదే బాధను లోపలికి తోసి, తలుపు వేసి, ఆ తలుపు దగ్గర నిలబడతారు. నా ఓటు సావిత్రి గారికే. అయితే ‘ఖామోషీ’ అంటేనే మౌనం కదా, ఆ పేరు పెట్టాక వహీదా గారి పద్ధతే ఆ చిత్రానికి సరిపోయింది.

విశాఖవాసి:
చర్చ శీర్షికకు తిరిగి వస్తాను. తెలుగులో ఆమె ‘ఒక్క పాట’తో ఆగిపోలేదు. అదే 1955లో ఎన్.టి. రామారావు గారి సొంత సంస్థ తీసిన ‘జయసింహ’లో నటించారు. 1974లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో అక్కినేని గారితో ‘బంగారు కలలు’, 1986లో కృష్ణ గారు దర్శకత్వం వహించిన ‘సింహాసనం’, 2006లో ‘చుక్కల్లో చంద్రుడు’ ఉన్నాయి. ఈ చివరి చిత్రంలో అక్కినేని గారు కూడా ఉన్నారు, అంటే ‘రోజులు మారాయి’లో ఆయన కథానాయకుడిగా, ఆమె ఒక్క పాట నర్తకిగా కనిపించిన 51 ఏళ్లకు మళ్లీ ఇద్దరి పేర్లూ ఒకే తెలుగు చిత్రంలో కనిపించాయి.

నాకు ఇంకా ఇష్టమైన లంకె తాపీ చాణక్య గారిది. ఎన్.టి.ఆర్. ‘రాముడు భీముడు’ను బి. నాగిరెడ్డి గారు హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’గా నిర్మించినప్పుడు దర్శకుడు ఆయనే. మొదట అనుకున్న వైజయంతిమాల స్థానంలో వహీదా గారు వచ్చారు. పన్నెండేళ్ల కిందట ఒక్క పాటకు తీసుకున్న అమ్మాయిని, 1967లో దిలీప్ కుమార్ సరసన కథానాయికగా నిలబెట్టి ‘యాక్షన్’ చెప్పే అవకాశం ఒక తెలుగు దర్శకుడికి దక్కింది. దీని గురించి మన వార్తల్లో ఎవరూ ఒక్క ముక్క రాయకపోవడం నాకు నిజంగా బాధ.

కృష్ణాతీరం:
విశాఖవాసి గారికి కృతజ్ఞతలు, తాపీ చాణక్య గారి లంకె నాకు తట్టలేదు. శీర్షికను ప్రశ్నగానే ఉంచుతున్నాను గాని నా మొదటి వ్యాఖ్యలో నిందను కొంత వెనక్కి తీసుకోవాలి. మనవాళ్లు పిలుస్తూనే ఉన్నారు, పిలిచిన చోట ఆమెకు చెప్పుకోదగ్గ పాత్ర ఇచ్చారా అన్నదే అసలు అనుమానం.

మధ్యాహ్నపు ఆట:
ఆ అనుమానం హిందీకి కూడా కొంత వర్తిస్తుంది. ‘గైడ్’, ‘నీల్ కమల్’లకు ఫిలింఫేర్, 1971 నాటి ‘రేష్మా ఔర్ షేరా’కు జాతీయ పురస్కారం, 1972లో పద్మశ్రీ. ఆ వరసలో ఉన్న నటి 1976లో ‘కభీ కభీ’ నాటికే తల్లి పాత్రల్లోకి వెళ్లిపోయారు. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. ఆమె ఎదురుగా ఉన్న నాయకులు మాత్రం ఇంకో పదిహేనేళ్లు కాలేజీ కుర్రాళ్లుగానే తిరిగారు. 1974లో నటుడు కమల్‌జీత్‌ను పెళ్లి చేసుకుని తరువాత బెంగళూరు వైపు తోటలో స్థిరపడి, 2000లో భర్త పోయాక మళ్లీ ముంబయి చేరి, ‘రంగ్ దే బసంతీ’, ‘ఢిల్లీ-6’ వంటి వాటిలో కనిపించారు. మిగిలిన సమయంలో కెమెరా భుజాన వేసుకుని అడవుల్లో జంతువుల ఫొటోలు తీశారు. 2011లో పద్మభూషణ్ వచ్చింది.

పాతరీలు:
పురస్కారం ప్రకటించిన సెప్టెంబరు 26, దేవ్ ఆనంద్ శతజయంతి రోజు. ‘సి.ఐ.డి.’లోనూ, ‘గైడ్’లోనూ ఆమె పక్కనున్నది ఆయనే. అక్టోబరు 17న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా అందుకున్నారు.

గజ్జెలమూట:
నిన్న రాత్రి కృష్ణాతీరం గారు రాసింది చదివాక పాముల ఆటను ధ్వని తీసేసి చూశాను. ఆమె మధ్యలోకి దూకకముందు, కూర్చున్న చోటనే కాలు తాళం పట్టుకునే క్షణం ఉంది కదా, బూర వినిపించకపోయినా ఆ పాదాన్ని చూసి నేను లెక్క కట్టగలిగాను. మా అమ్మాయి ఎనిమిదేళ్లది, పక్కన కూర్చుని ఆ పాదాన్నే చూస్తూ తొడ మీద చేత్తో తాళం వేసింది. దానికి వహీదా ఎవరో తెలియదు. ఈ ఆదివారం ‘ఏరువాక’ చూపిస్తానని చెప్పాను.